వాలుగ మీసం

మా నాన్న ఫోటోలోంచి చేపను తీసేయమని చెప్పింది నేనే. తమ్ముడు కాదు, అమ్మ కాదు, స్టూడియో ఆయన అసలే కాదు. ఆయనైతే "చేప బాగుంది కదా మేడం, ఉంచేద్దాం" అని రెండుసార్లు అన్నాడు కూడా. ఇది ముందే చెప్పేస్తే, తరవాత జరిగినదానికి ఎవర్ని తిట్టుకోవాలో చదివేవాళ్లకి తేలిగ్గా ఉంటుంది.

మా నాన్న పేరు జక్రయ్య. మార్టూరుకి నాలుగు కిలోమీటర్ల దూరంలో మా పల్లె. ఆయనకి చదువు లేదు. మిరపకాయలు ఎండే రోజుల్లో కళ్లాల దగ్గర కాపలా ఉండేవాడు. పత్తికి మందు కొట్టే రోజుల్లో మందు కొట్టేవాడు. మిగతా కాలమంతా సాగరు కాలువ గట్టు మీద గాలం వేసుకుని కూర్చునేవాడు. ఆయన్ని అడిగితే ఆ మిగతా కాలమే అసలు పని అనీ, కాపలా, మందూ మధ్యలో వచ్చిపడే ఆటంకాలనీ చెప్పేవాడు.

2007 అక్టోబరులో ఒక శుక్రవారం పొద్దున పదిగంటలకి, ఆ గట్టు మీదే, గాలం చేతిలో ఉండగానే పోయాడు. పక్కన ఆయన స్నేహితుడు బుడాన్ మావ ఉన్నాడు. నాన్న ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే చేప దగ్గరికొచ్చిందనుకుని, మావ కూడా నోరు మూసుకుని అరగంట పక్కనే కూర్చున్నాడట.

"నేను మాట్లాడితే చేప బెదిరిద్దని ఊరుకున్నానమ్మాయ్" అని మా వాకిట్లో నిలబడి చెబుతూ ఏడ్చాడు. ఆ మాట విని, ఏడుస్తున్న మా అమ్మ రెబ్కాకి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు మళ్లీ ఏడ్చింది.

రెండు వారాల తరవాత శనివారం ఆదరణ కూడిక పెట్టమన్నారు పాస్టరు అయ్యగారు. మా సంఘంలో దానికొక పద్ధతుంది. బల్ల మీద పోయిన మనిషి ఫోటో పెడతారు. పాటలు, వాక్యం అయ్యాక ఇంట్లో చదువుకున్నవాళ్లు ఒకరు లేచి, పోయిన మనిషి జీవిత చరిత్ర కాగితం మీద రాసుకొచ్చింది చదవాలి. పుట్టిందెప్పుడు, బాప్తిస్మం ఎప్పుడు, పెళ్లెప్పుడు, సంఘానికి చేసిన సేవ ఏమిటి. చివర్లో అందరూ ఆమేన్ అంటారు. తరవాత భోజనాలు. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. మా వంశంలో డిగ్రీ పాసైన మొదటి మనిషిని. పేరు కెజియా. అద్దంకి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. కాబట్టి ఫోటో, చరిత్ర రెండూ నా మీద పడ్డాయి.

నాకు ఉన్న కోరిక ఒకటే. బతికుండగా మా నాన్నను ఎవరూ 'గారు' అని పిలవలేదు. ఊళ్లో చిన్నపిల్లలు కూడా జక్రీ అనే పిలిచేవాళ్లు. మా స్కూల్నించి హెడ్మాస్టరు గారు, తోటి టీచర్లు వస్తున్నారు. ఆ ఒక్కరోజన్నా ఆయన్ని చూసి నలుగురూ గౌరవంగా తలుచుకోవాలి.

తీరా చూస్తే ఫోటో లేదు. రేషను కార్డు మీద నలుగురం కలిసి ఉన్న ఫోటోలో నాన్న మొహం కిటికీ వైపు తిరిగి ఉంది. ఆ సమయానికి బయట కొంగ వాలిందట. ఓటరు కార్డులో మనిషి ఉన్నాడో లేడో వెలుతుర్లో పెట్టి చూసినా తేలలేదు. తమ్ముడు ప్రకాష్ పెళ్లి ఆల్బంలో రెండువందల పైన ఫోటోలుంటే, ఒక్కదాంట్లో నాన్న చెయ్యి కనపడింది. షామియానా బయట నిలబడి తాడు పట్టుకుని ఉన్నాడు. ఆ చెయ్యి మాత్రం స్పష్టంగా పడింది.

మా నాన్నకి కప్పు కింద ఉండటం చేతనయ్యేది కాదు. తొంభైఆరులో కాలనీ ఇల్లు వస్తే అమ్మ ముచ్చటపడి ఆయనకోసం మార్టూరు నుంచి పట్టెమంచం కొనుక్కొచ్చి లోపల వేసింది. దాని మీద పిల్లి పడుకునేది. నాన్న వాకిట్లో నులకమంచం మీదే. వానొస్తే పైన పట్టా కప్పుకునేవాడు. ఇంట్లోకి రమ్మని అమ్మ అరిస్తే, లోపల గాలి నిన్నటిది అనేవాడు. వాన సంగతి మాత్రం ఆయనకి రేడియో కన్నా ముందు తెలిసేది. కళ్లాల్లో కాయలు ఎండేటప్పుడు రైతులు వచ్చి, జక్రీ, ఇయ్యాళ పట్టాలు కప్పమంటావా, వొద్దంటావా అని అడిగి పోయేవాళ్లు. గాలి వాసన చూసి చెప్పేవాడు. చేపలు బాగా పడుతున్న రోజున మాత్రం ఎవరడిగినా వాన రాదనే చెప్పేవాడు. అప్పుడు కూడా తొంభైతొమ్మిది పాళ్లు రాలేదు.

నా చదువంతా ఆ గట్టు మీదే సాగింది. ఇంట్లో గోలని చెప్పి, నాలుగో తరగతి నుంచీ నన్ను పుస్తకాలతో సహా వెంటబెట్టుకుని పోయేవాడు. అక్కడ నోరు తెరవకూడదు, చేపలు బెదురుతాయి. ఎక్కాలు నోట్లోనే చదువుకోవాలి. కాలు కదపకూడదు. వెళ్లడానికి ఇంకో చోటు లేదు. అట్లా ఆరేడేళ్లు నోరు మూసుకుని కూర్చున్న మనిషికి లెక్కలు రాకపోతే ఎట్లా? టెన్తులో నాకు మండలం ఫస్టు వచ్చినప్పుడు మాస్టార్లు వచ్చి మీ అమ్మాయిని ఎట్లా చదివించావని అడిగారు. చేపలు చదివించాయని చెప్పాడు. వాళ్లు ఏదో లోతైన మాట అనుకుని తలలూపారు.

నా ప్రతి పరీక్షకీ వచ్చాడు. ఏ పరీక్షకీ లోపలికి రాలేదు. గుంటూరులో, ఒంగోలులో, ఎక్కడ సెంటరు పడినా గేటు బయట చెట్టు చూసుకుని కూర్చునేవాడు. బయటికి రాగానే ఎట్లా రాశావని అడిగేవాడు కాదు, తిన్నావా అనేవాడు. తరవాత ఆ చుట్టుపక్కల నీళ్లెక్కడున్నాయో చెప్పేవాడు.

చివరికి దొరికిన ఒకే ఒక్క మంచి ఫోటో 1999 నాటిది. గుంటూరు బ్రాడీపేటలో తీసింది. అందులో మా నాన్న లుంగీ పైకి కట్టి, పై రెండు గుండీలు పెట్టని చొక్కాతో, ముప్పైరెండు పళ్లూ బయటపెట్టి నవ్వుతూ, తన ఛాతీకి అడ్డంగా ఒక వాలుగను పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాలుగకి రెండు పొడుగు మీసాలుంటాయి. నాన్నకీ మీసాలుండేవి. మొదటిసారి చూసినవాళ్లకి ఇద్దరూ ఒక ఇంటివాళ్లలాగే కనపడతారు.

ఆ ఫోటో కథ చెప్పాలి. ఆ జూన్‌లో నా డిగ్రీ రిజల్టు వచ్చింది. మా హాస్టలు బ్రాడీపేట నాలుగో లైనులో. లైను చివర వెంకటనారాయణ గారి స్టూడియో. ఆయన దగ్గర కాన్వకేషన్ గౌను, టోపీ, చేతిలో పట్టుకోడానికి రిబ్బను కట్టిన కాగితం చుట్ట అద్దెకి ఉండేవి. డిగ్రీ అయిన ఆడపిల్లలందరం వరస కట్టి అదే గౌనులో దిగేవాళ్లం. నేను ఫలానా రోజున ఫోటో దిగుతున్నాను, వచ్చి చూడమని ఇంటికి ఉత్తరం రాశాను.

నాన్న వాలుగతో వచ్చాడు. వేసవిలో కాలువ కట్టేస్తే, మామూలప్పుడు నీళ్లు కిందికి దూకే డ్రాపుల దగ్గర గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. ఆ గుంట దగ్గర మూడు రోజులు కూర్చుని దాన్ని పట్టాడట. తడి గోనెసంచిలో చుట్టి బస్సెక్కాడు. తోక సీటు దాటి దారిలోకి వచ్చి, ఎక్కే వాళ్లు దిగే వాళ్లు దాన్ని తొక్కుతుంటే, కండక్టరు విసిగిపోయి దానికీ అరటిక్కెట్టు కొట్టాడు. నాన్నకి అది అవమానంగా తోచలేదు. బిరుదులా తోచింది. తన చేపకి ఆర్టీసీవాళ్లు టిక్కెట్టు కొట్టారని చచ్చేదాకా చెప్పుకున్నాడు.

స్టూడియోలో నేను గౌను వేసుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాను. వెనక నా స్నేహితురాళ్లు ఎనిమిది మంది తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. నాన్న సంచి విప్పాడు.

"నీది మూడేళ్ల కష్టం, నాది మూడు రోజుల కష్టం. రెండూ కలిపి ఒక ఫోటో తీయమను" అన్నాడు.

వెనక ఒకమ్మాయి ముక్కు మూసుకుంది. ఇంకో అమ్మాయి నవ్వింది. నేను నేల వంక చూశాను. నేల మీద వాలుగ నీళ్లు కారుతున్నాయి. నాన్న నా మొహం వంక ఒక్క క్షణం చూశాడు, గాలి వాసన చూసినట్టే.

"అయినా నువ్వు ఇడిగానే దిగమ్మా. ఆ గౌను అద్దెది గదా, నీసు అంటుద్ది."

సరే అన్నాను. ఎంత తొందరగా అన్నానో నాకు ఇప్పటికీ గుర్తే. నన్ను నడుము దాకా తీశారు, నాన్ననీ చేపనీ నిలువునా తీశారు. రెండు వేరువేరు కార్డులు, నాకో జతా ఆయనకో జతా. తరవాత ఆ వాలుగను హాస్టల్లో వండితే అరవైమంది అమ్మాయిలు తిన్నారు. ముక్కు మూసుకున్న అమ్మాయి రెండుసార్లు వేయించుకుంది.

దాని బరువు పదకొండు కిలోలని నాన్న చెప్పేవాడు. బుడాన్ మావ ఏడు అనేవాడు. మా అమ్మ ఆరు అనేది. తూకం వేశావా నాన్నా అని నేనడిగితే, చెయ్యి ఉండగా తూకం ఎందుకనేవాడు. నేను లెక్కల టీచర్ని. కొలవకుండా జవాబు రాసిన పిల్లలకి సున్నా వేస్తాను. అందుకని ఆ ఎనిమిదేళ్లూ నేను ఏ పక్షమూ తీసుకోలేదు.

ఇప్పుడు ఆ ఫోటో పట్టుకుని మళ్లీ వెంకటనారాయణ గారి స్టూడియోకే వెళ్లాను. ఆయన చూడగానే గుర్తుపట్టాడు. మనిషిని కాదు, చేపని. "ఇది తీసినాక వారం రోజులు కంపు కొట్టింది మేడం. వెనక తెర మార్చాల్సొచ్చింది" అన్నాడు. ఇప్పుడు ఆయన దగ్గర కంప్యూటరు ఉంది. ఆ కంప్యూటర్లో ఫోటోలకి తొడగడానికి నలభైరెండు కోట్లున్నాయట. మా ప్రాంతంలో పోయిన పెద్దవాళ్లలో సగం మంది ఆ కోట్లలోనే ఉన్నారని చెప్పి, ఒక్కొక్కటీ చూపించాడు. నేను నీలం కోటు, ఎర్ర టై ఎంచాను. చేప తీసేయమన్నాను. లుంగీ అసలు రానీయొద్దన్నాను. ఆయన తనంతట తను మూడు పనులు చేశాడు. రంగు కాస్త తేల్చాడు. కూడికలో నవ్వుతూ ఉంటే బాగుండదని పెదాలు దగ్గరికి లాగి నోరు మూశాడు. వెనక మంచు కొండలు పెట్టాడు.

కొండలెందుకండీ అంటే, మీ నాన్నగారు ఎప్పుడూ బయట తిరిగే మనిషన్నారు కదా అన్నాడు.

ఆయన నోటివెంట 'నాన్నగారు' అన్న మాట వచ్చింది. నాకు అది చాలు. నాలుగడుగుల ఫ్లెక్సీ వేయమని చెప్పి వచ్చేశాను.

శుక్రవారం సాయంత్రం ప్రకాష్ ఫ్లెక్సీ తెచ్చి వాకిట్లో విప్పాడు. వాడు మార్టూరులో గ్రానైటు పాలిషింగులో పని చేస్తాడు. ఏ పనైనా రాయి కోసినట్టు సూటిగా చేస్తాడు, మాటా అంతే. అమ్మ లోపల్నుంచి వచ్చి ఫ్లెక్సీ చూసి, చప్పున కొంగు తల మీదికి లాక్కుని నాలుగడుగులు వెనక్కి వేసింది.

"ఎవరే ఈయన? మీ హెడ్మాస్టరా?" అని గొంతు తగ్గించి అడిగింది.

నాన్నే అని చెప్పాను. అమ్మ దగ్గరికొచ్చి చాలాసేపు చూసింది.

"కోటు సరే. పళ్లేవే?"

కూడిక కదమ్మా, నవ్వితే బాగోదన్నాను. ఆయన నవ్వకుండా ఉన్నదెప్పుడని అడిగింది. తరవాత వేలు పెట్టి కోటు కాలరు మీద ఏదో గీకడం మొదలుపెట్టింది. దారం అంటుకుందనుకుంది. ఎంత గీకినా పోలేదు. ప్రకాష్ వంగి చూశాడు. కాలరు అంచు నుంచి ఎర్ర టై మీదికి నల్లగా, సన్నగా, కొస వంపు తిరిగి ఒక గీత ఉంది. చేపను మొత్తం తీసేసిన వెంకటనారాయణ గారు ఒక మీసం మరిచిపోయాడు.

"చేప పోలేదక్కా, కోట్లో దూరింది" అన్నాడు ప్రకాష్.

దాన్ని ఎవరూ గమనించరులే అన్నాను. వచ్చేవాళ్లు పెద్దవాళ్లు, వాళ్ల ముందు నాన్నని లుంగీతో, చేపతో ఎట్లా పెడతాం అన్నాను. "నీ ఇష్టం. నువ్వు చదువుకున్నదానివి" అంది అమ్మ. ఆమె ఆ మాట అన్నదంటే ఒప్పుకోలేదని అర్థం. అది తెలిసి కూడా నేను ఒప్పుకున్నట్టే లెక్క వేసుకున్నాను.

మర్నాడు వీధిలో షామియానా వేసి, దాని మొగదల ఫ్లెక్సీ కట్టాం. హెడ్మాస్టరు గారు స్కూటరు దిగి, చెప్పులు విడిచి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మీ ఫాదర్ గారు ఏ డిపార్ట్‌మెంటులో చేశారమ్మా?"

నేను నోరు తెరిచేలోగా పక్కనున్న ప్రకాష్, కాలువల డిపార్ట్‌మెంటు సార్ అన్నాడు. అదీ, మొహంలో ఆ హుందాతనం కనపడుతోంది అన్నారు హెడ్మాస్టరు గారు. నేను నోరు మూసుకున్నాను. ఆయన 'గారు' అన్నారు. కాకపోతే ఆ గారు ఎవరికి చెందిందో నాకు తేలలేదు.

పదిన్నరకి మొదలు కావాలి. బుడాన్ మావ రాలేదు. అన్న రాకుండా పాట ఎత్తడానికి వీల్లేదని అమ్మ చాప మీద కూర్చుని పట్టుబట్టింది. ఆమె ఆయన్ని అన్నా అంటుంది, ఆయన చెల్లెమ్మా అంటాడు, నలభై ఏళ్లుగా అంతే. అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఒక గంట కిందట నేను కుర్చీలు సర్దుతుంటే, ఉతికిన లుంగీ, తెల్ల టోపీతో మావ ఫ్లెక్సీ ముందు ఆగి, దాన్ని కిందనుంచి పైదాకా చూసి, తల గోక్కుని, ముందుకి పోవడం నేను చూశాను. వెనక్కి వస్తాడులే అనుకున్నాను. రాలేదు.

ప్రకాష్ బండి వేసుకుని పోయి, అరగంటకి మావని వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. కాలువ గట్టు మీద దొరికాడట. మావ చంకలో యూరియా బస్తాతో కుట్టిన సంచి ఉంది. అది మా నాన్న గాలం సంచి.

"ఎక్కడికి పోయావు మావా?" అన్నాను.

"నాకేం తెలుసమ్మాయ్. ఎవరో ఆఫీసరుగారి సభ పెట్టారు మీ వీధిలో. మనది చర్చి కాడికి మార్చారేమోనని అటు పోయా. అక్కడ తాళం ఉంది. సరే, జక్రి ఉండే చోటే ఉంటాడు గదాని కాలువకి పోయా."

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. మా నాన్న కూడికకి వచ్చిన ఆయన ప్రాణ స్నేహితుడు, నా ఫ్లెక్సీ చూసి నాన్నని వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. తప్పు నాది, ఆయన చూపుది కాదు. అది నాన్నే మావా అని చెప్పాను. మావ నమ్మలేదు. ఫ్లెక్సీకి జానెడు దూరంలో మొహం పెట్టి వెతికాడు. కళ్లు చూశాడు, చెవులు చూశాడు. కాలరు దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"ఇది వాలుగ మీసం" అన్నాడు. "అయితే జక్రే."

హెడ్మాస్టరు గారికి ఏమీ అర్థం కాక అందరి మొహాలూ చూస్తున్నారు. మావ సంచి నా చేతిలో పెట్టాడు. నాన్న పోయిన రోజునే ఇద్దామనుకుని కూడా మనసొప్పక తన దగ్గరే ఉంచుకున్నాడట. లోపల గాలాలు, దారం ఉండలు, నాన్న పొగాకు డబ్బా, అడుగున ప్లాస్టిక్ కవరు. నీళ్లు పోకుండా మూడు మడతలు పెట్టి ఉంది. విప్పాను.

గౌనులో ఉన్న నా ఫోటో. దాని పక్కన చేపతో ఉన్న నాన్న ఫోటో. రెంటినీ కత్తెరతో కత్తిరించి, ఒక అట్ట మీద పక్కపక్కన తుమ్మబంకతో అతికించి ఉన్నాయి. కత్తిరించడం ఆయన చేతికి వచ్చిన పని కాదు. నా టోపీ అంచు పోయింది, ఆయన కాలి బొటనవేలు పోయింది. వాలుగ తోక వచ్చి నా చేతిలోని డిగ్రీ చుట్ట మీద పడింది. నన్ను నడుము దాకా, ఆయన్ని నిలువునా తీయడం వల్ల, నేను కొండంత ఉన్నాను, ఆయన నా మోచేతి దాకా వచ్చాడు. వెనక బస్సు అరటిక్కెట్టు అంటించి ఉంది.

"సైజు కుదర్లేదురా అని నేనప్పుడే చెప్పా" అన్నాడు మావ. "అమ్మాయి నాకన్నా పెద్దదే గదా, కుదిరిందిలే అన్నాడు."

నేను అట్టను మళ్లీ ముందు వైపుకి తిప్పాను.

"కాలువ లాకుల కాడికి కొత్తమనిషి ఎవరొచ్చినా చూపించేవాడు. నేనూ మా అమ్మాయీ కలిసి దిగాం అనేవాడు" అన్నాడు మావ.

ఫ్లెక్సీ విప్పమని ప్రకాష్‌కి చెప్పాను. వాడు తాళ్లు కోసి కిందికి దించి, తిరగేసి అన్నం గుండిగల కింద పరుద్దామన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "ఒద్దురా. ఎవరో ఏమో, పెద్దమనిషి లాగున్నాడు, తొక్కకూడదు" అంది. వాడు దాన్ని చాపలా చుట్టి, లోపల పట్టెమంచం మీద పడుకోబెట్టాడు. పదకొండేళ్ల కిందట అమ్మ కొన్న ఆ మంచం మీదికి చివరికి ఒక మనిషి వచ్చాడు. అక్కడున్న పిల్లి లేచి బయటికి పోయింది.

అట్టను బల్ల మీద నీళ్ల చెంబుకి ఆనించి పెట్టాం. చిన్నది కావడంతో వెనకవాళ్లకి కనపడలేదు. దాంతో లేచి వచ్చి చూడటం మొదలుపెట్టారు, తరవాత చేతులు మారింది. హెడ్మాస్టరు గారి దగ్గరికి వచ్చినప్పుడు నేను వెళ్లి చెప్పాను. "మా నాన్న ఆఫీసరు కాదండీ. కాపలాకి పోయేవారు, చేపలు పట్టేవారు. ఇందాక నేను మాట్లాడకపోవడం తప్పు."

ఆయన కళ్లజోడు సర్దుకుని అట్టను దగ్గరికి తీసుకున్నారు.

"ఇదెంత తూగిందమ్మా?" అన్నారు.

అంతే. వరసల్లో గొడవ మొదలైంది. తొమ్మిది అన్నారొకరు. వాలుగలో తల బరువు ఎక్కువ, మాంసం తక్కువ అన్నారొకరు. ఆ చేప అంత లేదు, జక్రీ పొట్టివాడు కాబట్టి అట్లా కనపడుతుందన్నారు ఇంకొకరు. అయ్యగారు రెండుసార్లు గంట కొడితే గానీ పాట మొదలవలేదు.

వాక్యం అయ్యాక జీవిత చరిత్ర చదవమన్నారు. నేను నాలుగు పేజీలు రాసుకొచ్చాను. మొదటి పేజీలోనే, కీర్తిశేషులు జక్రయ్య గారు ప్రతి ఆదివారం క్రమం తప్పక ఆలయానికి వెళ్లేవారు అని ఉంది. ఆ కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకున్నాను. అద్దంకి పిల్లలకి బోర్డు మీద లెక్క చెప్పినట్టే చెప్పడం మొదలుపెట్టాను. మా నాన్న ప్రతి ఆదివారం చర్చికి వచ్చి, కిటికీ బయట నిలబడి వినేవారని చెప్పాను. కాలువలో నీళ్లుంటే సగం వినేవారు.

అయ్యగారు అందుకున్నారు. నీటి బాప్తిస్మం ఇచ్చింది తన తండ్రిగారేననీ, అదే కాలువలో జక్రయ్యను ముంచితే ఎంతకీ పైకి రాలేదనీ, మనిషి పోయాడేమోనని గట్టు మీద ఆడవాళ్లు కేకలు పెట్టారనీ చెప్పారు. పైకి వచ్చాక ఏమైందని అడిగితే, కాలికి కొరమేను తగిలిందయ్యగారూ అన్నాడట. అది చెబుతూ అయ్యగారు బైబిలుతో నోరు కప్పుకున్నారు.

నేను గట్టు మీద ఎక్కాలు చెప్పాను. పరీక్ష సెంటర్ల చెట్లు చెప్పాను. స్టూడియో సంగతి చెప్పాను, సరే అన్న మాటతో సహా. అక్కడ ఆగి జాకెట్టులోని కాగితం తడుముకున్నాను. అమ్మ చాప మీద నుంచే, కానీ, కానీ అంది.

ఇక మిగిలింది ఒక్కటే.

"1999 జూన్ నెలలో, తన కూతురు డిగ్రీ పాసైన సందర్భంగా, మా నాన్నగారు మూడు రోజులు శ్రమపడి పదకొండు కిలోల వాలుగను పట్టారు" అన్నాను.

జీవితంలో తూకం వేయకుండా నేను చెప్పిన అంకె అదొక్కటే.

"ఏడు" అన్నాడు బుడాన్ మావ వెనకనుంచి.

ఎవరూ ఆమేన్ అనలేదు. అయ్యగారు నా వంక, మావ వంక చూశారు. అమ్మ కొంగు సర్దుకుని వెనక్కి తిరిగింది. ఎనిమిదేళ్లు ఆరు దగ్గర కదలకుండా నిలబడ్డ మనిషి ఆమె.

"పదకొండే అన్నా. సంచిలో చుట్టింది నేనే గదా" అంది.

మావ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. బల్ల మీది అట్ట వంక చూశాడు.

"సరే చెల్లెమ్మా, పదకొండే" అన్నాడు. "ఇయ్యాళ్టికి."

అప్పుడు అందరూ ఆమేన్ అన్నారు.